వంత పాడే పెట్టె: ఒక్కరే పాడేవారు లూప్ పెడల్ ఎంచుకోవడం ఎలా?

మీరు రెంటచింతలలో ఉంటారు. గిటారో కీబోర్డో పట్టుకుని పాడతారు. పెళ్లి రిసెప్షన్‌కి పిలుస్తారు, చర్చిలో క్రిస్మస్ కార్యక్రమానికి పిలుస్తారు, తిరనాళ్లలో వేదిక మీద ఒక అరగంట ఇస్తామంటారు. పిలుపు వచ్చినప్పుడల్లా కష్టం ఒకటే. డోలక్ వాయించే అబ్బాయి మాచర్లలో ఇంకో ఫంక్షన్‌కి ఒప్పుకుని ఉంటాడు. కోరస్ పాడే తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిపోయాడు. వాళ్లు ఇచ్చే డబ్బు నలుగురు పంచుకుంటే బస్సు ఛార్జీలకే సరి. అలాంటప్పుడు ఎవరో అంటారు: "లూప్ పెడల్ కొనుక్కో అన్నా, ఒక్కడివే బ్యాండు మొత్తం వాయించొచ్చు." మీరు నాలుగు వీడియోలు చూశారు. ఒకటి చిన్న అగ్గిపెట్టెలా ఉంది, ఇంకొకటి బల్లంత ఉంది. ధరలకు పొంతనే లేదు. ఏది కొనాలి?

ఈ అధ్యాయంలో ఆ ప్రశ్నకే సమాధానం వెతుకుదాం. పెడల్ లోపల ఏ చిప్పు ఉంది, దాన్ని ఎవరు కనిపెట్టారు అన్నవి మనకిప్పుడు అక్కర్లేదు. అది చేసే పని ఇది: మీరు ఒక ముక్క వాయించేటప్పుడు కాలితో నొక్కితే రికార్డు చేసుకుంటుంది. మళ్లీ నొక్కితే ఆ ముక్కను ఆగకుండా తిప్పి తిప్పి వినిపిస్తుంది. దాని మీద ఇంకో పొర వాయిస్తే అదీ కలుపుకుంటుంది. అంతే.

పల్నాటి వాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. బుర్రకథలో నడుమ తంబుర మీటుతూ, వేలికి అందెలు పెట్టుకుని కథకుడు ఉంటాడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చి 'పల్నాటి యుద్ధం' కథతో ఊళ్లను ఊపేసిన షేక్ నాజర్, 1986లో పద్మశ్రీ అందుకున్న ఆ మహా కళాకారుడు, వంతలు లేకుండా కథ చెప్పేవాడు కాదు. కథకుడు చరణం ఎత్తుకోగానే వంతలు అందుకుంటారు, ఆయన ఊపిరి తీసుకునే చోట నిలబెడతారు, వచనం మొదలుకాగానే తగ్గిపోతారు. లూప్ పెడల్ మీ వంత. మంచి వంతకు ఎప్పుడు అందుకోవాలో తెలియాలి, అంతకంటే ముఖ్యంగా ఎప్పుడు ఆగాలో తెలియాలి. పెడల్‌ని కూడా ఆ కొలతతోనే చూడండి. దాని పెట్టె మీద అచ్చేసిన అంకెలతో కాదు.

1. ముందు పాట, తర్వాత పెడల్

కొనడానికి ముందు మీరు వేదిక మీద తరచుగా పాడే పాటలు ఒక ఐదు కాగితం మీద రాయండి. ఒక్కో పాటకీ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క ఏది? పల్లవికీ చరణానికీ కార్డ్స్ ఒకటేనా, వేరా? పాటలో అంతా ఆగిపోవాల్సిన చోటు ఉందా?

మీ ఐదు పాటల్లో నాలుగింటికి పల్లవీ చరణమూ ఒకే కార్డ్స్ మీద నడుస్తున్నాయనుకోండి. అప్పుడు ఒక్క ట్రాకు పెడల్ మీకు ధారాళంగా సరిపోతుంది. జానపదాలు, భజన కీర్తనలు, చర్చిలో చప్పట్లు కొడుతూ పాడే పాటలు చాలావరకు ఇలాంటివే. బాస్ ఆర్‌సీ-1, టీసీ ఎలక్ట్రానిక్ డిట్టో వంటి ఒకే మీట ఉన్న చిన్న పెడల్స్ ఈ కోవలోకి వస్తాయి. ధరలో కూడా ఇవే అన్నిటికంటే కింద.

సినిమా పాటల సంగతి అలా కాదు. పల్లవి ఒక దారిలో వెళ్తే చరణం ఇంకో దారి పడుతుంది. ఒక్క ట్రాకు పెడల్లో మీరు పల్లవికి పేర్చిన పొరలన్నీ ఒకే ముద్దగా ఉంటాయి. చివరి పొరను వెనక్కి తీయగలరు తప్ప, మధ్యలోంచి ఒక పొరను లాగి పక్కన పెట్టలేరు. చరణానికి వేరే లూప్ కావాలంటే రెండు ట్రాకులున్న బాస్ ఆర్‌సీ-500 వంటిది చూడాలి. ఇక్కడొక మాట నమ్మకంగా చెబుతాను: చాలామందికి రెండో ట్రాకు అవసరం ఉండదు. చరణం దగ్గర లూప్ ఆపేసి, ఒట్టి గిటారు మీద పాడి, పల్లవికి మళ్లీ లూప్ అందుకోండి. జనానికి ఆ తేడా ఎంత బాగుంటుందో ఒకసారి ఇంట్లో వాళ్ల ముందు పాడి చూడండి. వచనం చెప్పేటప్పుడు గుమ్మెట ఆగినట్టే ఉంటుంది.

మీరు పౌరాణిక నాటక పద్యాలు పాడేవారా? అయితే లూప్ పెడల్ కొనకండి. పద్యానికి కట్టుబడిన తాళం ఉండదు. రాగం తీసేటప్పుడు ఎక్కడ ఎంతసేపు నిలబడతారో మీకే ముందుగా తెలియదు. తిరుగుతూ ఉండే ముక్క మీ కాళ్లకు బంధం వేస్తుంది. మీకు కావాల్సింది శ్రుతి మాత్రమే. దానికి శ్రుతి పెట్టె ఉంది, లేదంటే ఫోన్‌లో తంబుర యాప్ ఉంది. "తంబుర నాదాన్నే లూప్ చేస్తే పోలా?" అని కొందరు అడుగుతారు. లూప్ మొదలూ చివరా కలిసే చోట ఒక చిన్న అతుకు వినబడుతుంది. డోలక్ దెబ్బల మధ్య ఆ అతుకు దాగిపోతుంది. నిలకడగా సాగే నాదంలో మాత్రం కొన్ని సెకన్లకోసారి చెవిలో గుచ్చుతూనే ఉంటుంది. శ్రుతిని లూప్‌లోకి ఎక్కించకుండా విడిగా నడపండి.

2. లోపలికి వెళ్లేది ఏమిటి? తీగా, గొంతా?

ఎక్కువమంది తప్పు కొనుగోలు చేసేది ఇక్కడే.

మామూలు లూప్ పెడల్స్ గిటారు కోసం చేసినవి. వాటికి ఉండేది గిటారు పిన్ను పట్టే జాక్. మీరు పాడే మైకుకు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ ఉంటుంది. దాని సిగ్నల్ చాలా బలహీనం. కేబుల్ మార్చి ఎలాగోలా గుచ్చినా గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు సన్నగా వినిపిస్తుంది. దాన్ని పెంచితే హోరు పెరుగుతుంది. కాబట్టి అడగండి: నేను లూప్ చేయాలనుకున్నది గిటారునా, కీబోర్డునా, నా గొంతునా?

గిటారు ఒక్కటే అయితే ఏ గిటారు పెడలైనా సరే. వయొలిన్‌కి, ఫ్లూట్‌కి పికప్ గానీ మైకు గానీ ఏది వాడుతున్నారో చూసుకోండి; మైకైతే కింద గొంతుకు చెప్పేదే వాటికీ వర్తిస్తుంది.

కీబోర్డు అయితే ఒక చిక్కుంది. ఇళ్లలో ఉండే చిన్న కీబోర్డులకు వెనక విడిగా లైన్ అవుట్ ఉండదు, హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే ఉంటుంది. అది స్టీరియో. ఒక వైపు స్టీరియో పిన్ను, రెండో వైపు రెండు మోనో పిన్నులు ఉన్న వై కేబుల్ కొని, ఎడమ పిన్ను ఒక్కటే పెడల్లో పెట్టండి. మన ఊళ్లలో మైకుసెట్టు స్పీకర్లు ఎలాగూ మోనోలోనే నడుస్తాయి. కాబట్టి స్టీరియో పెడల్ అంటూ అదనంగా డబ్బు పెట్టకండి.

గొంతును లూప్ చేయాలంటే మూడు దారులున్నాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు జాక్ ఉన్న పెడలే కొనడం మొదటిది. ఆర్‌సీ-500కు ఆ జాక్ ఉంది, టీసీ వాళ్ల డిట్టో మైక్ లూపర్ అచ్చంగా గొంతు కోసమే చేశారు. ఐదు ట్రాకుల ఆర్‌సీ-505 కూడా మైకును నేరుగా తీసుకుంటుంది కానీ అది బల్ల మీద పెట్టుకుని చేత్తో నొక్కేది. నోటితో బీట్ బాక్సింగ్ చేసేవారికి, ఒట్టి గొంతుతో పాడేవారికి అది అమృతం. రెండు చేతులూ గిటారు మీద ఉన్నవారికి దాంతో పనేముంది?

రెండో దారి మిక్సర్. మీ దగ్గర చిన్న మిక్సర్ ఉండి, దానికి ఆక్స్ సెండ్ (చానల్ శబ్దాన్ని విడిగా బయటికి పంపే జాక్) ఉంటే, గొంతును అక్కడి నుంచి పెడల్లోకి పంపి, పెడల్ నుంచి వచ్చేదాన్ని ఇంకో చానల్లోకి తెచ్చుకోవచ్చు. ఆ రెండో చానల్ ఆక్స్ మీట పూర్తిగా సున్నాలో ఉండాలి. లేకపోతే లూప్ మళ్లీ లూప్‌లోకే వెళ్లి, క్షణాల్లో కూత మొదలవుతుంది. ఆక్స్ నుంచి పంపే మోత కూడా తక్కువలో మొదలుపెట్టండి. గిటారు పెడల్‌కి మిక్సర్ సిగ్నల్ బలం ఎక్కువై శబ్దం పగులుతుంది.

మూడో దారి గొంతును లూప్ చేయకపోవడం! గిటారుతో లూప్ కట్టి, గొంతు తిన్నగా మైకులోకి పాడండి. మొదటి పెడల్‌తో చాలామంది ఇలాగే మొదలుపెడితే సుఖపడతారు.

3. మీ కాలు ఎలాంటిది?

ఈ ప్రశ్న ఏ షాపువాడూ అడగడు. చెప్పులేసుకుని వాయిస్తారా, వట్టి కాళ్లతోనా? గుడి ముందు, ప్రార్థన మందిరంలో మనం చెప్పులు విడిచే వాయిస్తాం. చాలా చిన్న పెడల్స్‌కి ఉండేది గుండ్రని ఇనుప మీట. బూటుతో తొక్కడానికి చేశారు దాన్ని. వట్టి మడమతో, బొటనవేలితో గట్టిగా నొక్కాల్సి వస్తే నొప్పి పుడుతుంది, నొప్పికి కాలు జంకితే తాళం తప్పుతుంది. బాస్ ఆర్‌సీ-1, ఆర్‌సీ-5 వంటి పెడల్స్‌కి ఉండే వెడల్పాటి రబ్బరు పలక వట్టి కాలికి హాయిగా ఉంటుంది. షాపుకు వెళ్లినప్పుడు చెప్పులు విప్పి తొక్కి చూడండి. మొహమాటపడకండి, డబ్బు మీది.

హార్మోనియం వాయిస్తూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవారా? ఒక చేయి తిత్తి మీద, ఒక చేయి మెట్ల మీద, కాళ్లు మడిచి ఉన్నాయి. పెడల్ ఎవరు నొక్కుతారు? కుర్చీలో కూర్చుని హార్మోనియం బల్ల మీద పెట్టుకోవడానికి మీరు సిద్ధమైతేనే ఈ ఖర్చు చేయండి.

బుర్రకథ చెప్పేవారికి ఇంకో సమస్య. మీరు ఒకచోట నిలబడరు. కథ ఉద్రేకంలోకి వెళ్లేకొద్దీ అడుగులు ముందుకీ వెనక్కీ పడుతుంటాయి. పెడల్ మాత్రం కదలదు. మీట తొక్కాల్సిన సమయానికి మీరు వేదిక రెండో అంచులో ఉంటే? వంత అందుకునే చోట్లను ముందే గుర్తుపెట్టుకుని, ఆ చోట్లలో మైకు దగ్గరికి వచ్చేలా అడుగు నేర్చుకోవాలి. కాలికి గజ్జెలుంటే, తొక్కిన ప్రతిసారీ ఆ గల్లుమనే చప్పుడు కూడా లూప్‌లోకి ఎక్కుతుందని మరవకండి. గజ్జెలు లేని కాలితో తొక్కడమే దానికి ఉపాయం.

ఇప్పుడు ఆపే సంగతి. ఒకే మీట ఉన్న పెడల్స్‌ని ఆపాలంటే వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి. ఇంట్లో సులువే. జనం ముందు, గుండె దడదడలాడుతుంటే, రెండో నొక్కు కాస్త ఆలస్యమవుతుంది. అప్పుడు పెడల్ ఆగకుండా ఇంకో పొర రికార్డు చేయడం మొదలెడుతుంది. పాట ముగిసినా లూప్ ముగియదు. మీరు చేతులు జోడించి నిలబడితే వెనక గిటారు మోగుతూనే ఉంటుంది! అందుకే నా గట్టి సలహా: ఆపడానికి విడిగా మీట ఉన్నది తీసుకోండి. డిట్టో ఎక్స్2లో రెండో మీటను అందుకు వాడుకోవచ్చు. ఆర్‌సీ-1, ఆర్‌సీ-5 వంటివాటికి విడిగా ఒక జాక్ ఉంటుంది, అందులో విడి ఫుట్‌స్విచ్ తగిలించుకోవచ్చు. ఆ ఫుట్‌స్విచ్ ఖర్చు కూడా కలుపుకునే ధర పోల్చండి.

4. నిమిషాలు చూసి మురిసిపోకండి

డిట్టోలో 5 నిమిషాలు రికార్డవుతుంది, ఆర్‌సీ-1లో 12 నిమిషాలు, ఆర్‌సీ-5లో దాదాపు 13 గంటలు. అంకెలు చూస్తే మూడోదే కొనాలనిపిస్తుంది కదూ? లెక్క వేద్దాం. ఆది తాళం 8 దెబ్బలు. నిమిషానికి 80 దెబ్బల నడకలో ఒక ఆవృతం 6 సెకన్లు. నాలుగు ఆవృతాలు 24 సెకన్లు. మిశ్రచాపు 7 దెబ్బలు, నిమిషానికి 140 నడకలో ఆవృతానికి 3 సెకన్లే. ఇంతకంటే పొడుగు లూప్ వేదిక మీద మీకు ఎప్పుడు కావాలి?

2004లో స్కాట్లండ్ గాయని కేటీ టన్‌స్టల్ బ్రిటిష్ టీవీ కార్యక్రమంలో గిటారు చెక్కను తట్టి, ఒక కూత పెట్టి, వాటిని లూప్ చేసి ఒంటరిగా పాడిన పాట ఆమె జీవితాన్నే మార్చేసింది. ఆమె వాడిన అకాయ్ హెడ్‌రష్ పెడల్లో అప్పట్లో నిమిషం నిడివి కూడా పట్టేది కాదు. 2025 ఫిబ్రవరి 2న, లూప్ పెడల్‌తో ఒంటరిగా పాడే గాయకుడు ఎడ్ షీరన్ హైదరాబాద్ రామోజీ ఫిల్మ్ సిటీకి వచ్చినప్పుడు చూసిన కుర్రాళ్లు చాలామంది "అలాంటిదే కొనాలి" అనుకున్నారు. వారం తర్వాత బెంగళూరులో గాయని శిల్పా రావుతో కలిసి 'దేవర' సినిమా పాట తెలుగులో అందుకోవడంతో ఆ మోజు ఇంకా పెరిగింది. ఆయన కాళ్ల ముందుండేది ఆయన కోసమే కట్టించిన యంత్రం. దాని వెనక సౌండ్ మనుషుల దళం ఉంటుంది. ఆయన నుంచి నేర్చుకోవాల్సింది పొరలు పేర్చే తెలివి, పెట్టె సైజు కాదు.

ఎక్కువ నిడివి పనికొచ్చేది ఒక్క సందర్భంలో: ఇంట్లో తయారుచేసుకున్న లూప్స్ దాచుకుని వేదిక మీద వినిపించాలనుకుంటే. ఆర్‌సీ-5లో అలా 99 దాచుకోవచ్చు. అయితే ఆ పనికి పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ పెట్టుకున్నా చాలు కదా? జనం కళ్ల ముందు కట్టడంలోనే దీని అందమంతా ఉంది.

5. తాళం పెట్టె లోపల ఉండాలా?

కొన్ని పెడల్స్‌లో డ్రమ్స్ కూడా ఉంటాయి. అవి ఆన్ చేసుకుంటే మీరు మీట కాస్త అటూ ఇటూగా తొక్కినా లూప్‌ని తాళానికి సరిచేస్తాయి. కొత్తవారికి ఇది పెద్ద ఊరట. షాపులో అడగాల్సింది ఒకటే: ఐదు, ఏడు దెబ్బల నడకలున్నాయా? నాలుగు, మూడు తప్ప ఇంకేమీ లేకపోతే ఖండచాపు, మిశ్రచాపు పాటలకు అది మూగపోతుంది.

కీబోర్డు వాయించేవారు ఒక పొరపాటు తప్పకుండా చేస్తారు. కీబోర్డులోని రిథమ్ నడుస్తుండగానే లూప్ కడతారు. మొదటి రెండు చుట్లు బాగుంటుంది. తర్వాత తర్వాత లూప్ ఒక దారి, రిథమ్ ఒక దారి. ఎందుకంటే ఆ రెండు గడియారాలకూ సంబంధం లేదు. పరిష్కారం: రిథమ్‌ని కూడా లూప్‌లోకే రికార్డు చేసి, లూప్ తిరగడం మొదలైన క్షణంలో కీబోర్డు రిథమ్ ఆపేయండి.

6. మన ఎండ, మన కరెంటు

రెంటచింతలలో మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు వార్త కాదు. నల్లటి ఇనుప పెట్టెను మధ్యాహ్నం షామియానా అంచున ఎండలో పెడితే చేయి పెట్టలేరు, వట్టి కాలు అసలే పెట్టలేరు. తెర మీది అక్షరాలు ఎండకు కనిపించవు. పెడల్‌ని నీడలో ఉంచండి, వాయించనప్పుడు తడి లేని తువ్వాలు కప్పండి, మూసిన కారులోనో ఆటో సీటు మీదో వదిలేయకండి. మిరప కల్లాల రోజుల్లో దుమ్ము జాక్‌లలోకి చేరుతుంది. అందుకే జిప్పు ఉన్న సంచి కొనండి.

అడాప్టర్ దగ్గర ప్రాణం పెట్టి జాగ్రత్త పడండి. గిటారు పెడల్స్‌కి సాధారణంగా 9 వోల్టులు, పిన్ను లోపలి భాగం నెగటివ్. మీది యమహా కీబోర్డయితే దాని అడాప్టర్ సాధారణంగా 12 వోల్టులు, లోపలి భాగం పాజిటివ్. రెండు పిన్నులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదానిలో ఒకటి దూరతాయి కూడా. ఆ హడావుడిలో ఒక్కసారి తప్పు గుచ్చితే కొత్త పెడల్ అక్కడికక్కడే పోవచ్చు. రెండు అడాప్టర్లకూ రంగు టేపు చుట్టండి: పెడల్‌ది ఎర్రది, కీబోర్డుది తెల్లది. ఇంట్లో అందరికీ చెప్పండి.

ఫంక్షన్‌లో జనరేటర్ మీదకు మారినప్పుడు కరెంటు ఎగిరిపడుతుంది. మంచి స్పైక్ గార్డు వెంట ఉంచుకోండి. బ్యాటరీతో నడిచే పెడల్ అయితే మంచిదే కానీ, లూప్ పెడల్స్ 9 వోల్టుల బ్యాటరీని త్వరగా తాగేస్తాయి. కరెంటు పోయినప్పుడు ఆ పాట పూర్తిచేయడానికి మాత్రమే దాన్ని నమ్ముకోండి. డిట్టో చిన్న పెడల్‌కి ఆ సౌకర్యం కూడా లేదు, అడాప్టరే దిక్కు.

7. షాపులో చేయాల్సిన పరీక్ష

ఆన్‌లైన్‌లో కొంచెం తక్కువకు వస్తుంది, నిజమే. వీలైతే మొదటి పెడల్‌ని గుంటూరో విజయవాడో హైదరాబాదో వెళ్లి చేతికి తీసుకుని చూశాకే కొనండి. మీ గిటారు, మీ కేబుల్ వెంట తీసుకెళ్లండి. "ఏంది బాబాయ్, ఇంతసేపు చూస్తున్నావ్?" అని షాపు కుర్రాడు అన్నా పట్టించుకోకండి.

మీ కాగితం మీది మొదటి పాట వాయించండి. లూప్ కట్టండి. ఆపండి. మళ్లీ మొదలెట్టండి. మొదటి దెబ్బ నుంచే వచ్చిందా? చివరి పొర తీసేయండి, తిరిగి తెచ్చుకోండి. అప్పుడు లూప్ తిరుగుతుండగా అడాప్టర్ పీకేయండి. మళ్లీ పెట్టినప్పుడు లూప్ ఉందా, మాయమైందా? మన ఊళ్లలో కరెంటు పోకుండా కార్యక్రమం జరగదు కాబట్టి ఈ పరీక్ష మీకు అన్నిటికంటే అవసరం. చివరగా, మామూలు మోతలో గిటారు వాయిస్తూ పెడల్ ఉన్నప్పుడూ లేనప్పుడూ శబ్దం పోల్చండి. హోరు పెరిగితే అడాప్టర్ మార్చి చూడమనండి. పాతది కొంటుంటే మీటను ఇరవైసార్లు తొక్కండి. ఒక్క నొక్కుకు రెండు నొక్కులుగా తీసుకుంటే వద్దని లేచి వచ్చేయండి. బిల్లు, వారంటీ కార్డు అడిగి తీసుకోండి.

డబ్బు ఇంకా చేతికి రాలేదా? ఈలోపు ఫోన్‌లోని లూపర్ యాప్‌తో మీ ఐదు పాటలకు పొరలు ఎలా వేయాలో ఆలోచించుకోండి. ఫోన్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి తాళం నేర్చుకోవడానికి అది పనికిరాదు, ఏ ముక్క తర్వాత ఏ ముక్క అన్నది తేల్చుకోవడానికి మాత్రం చాలు.

8. ఇంటికి తెచ్చాక

మొదటి నెల కార్యక్రమాలకు తీసుకెళ్లకండి. రోజూ ఒకే పని: రెండో నొక్కు. అందరూ చేసే తప్పు ఏమిటంటే, ముక్క అయిపోయింది అనిపించగానే తొక్కడం. తొక్కాల్సింది ముక్క చివర కాదు, తర్వాతి ఆవృతం మొదటి దెబ్బ మీద. చేయి ఆ మొదటి దెబ్బను వాయిస్తుండగానే కాలు కిందికి దిగాలి. చేత్తో తాళం వేసేటప్పుడు సమం మీద అరచేయి ఎలా పడుతుందో, ఇక్కడ పాదం అలా పడాలి. ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టుకుని, మొదట ఒక్క చప్పట్ల లూప్ కట్టండి. పది చుట్లు తిరిగాక కూడా మెట్రోనోమ్‌తో కలిసి ఉంటే మీ కాలు సిద్ధమైనట్టు. గిటారు తర్వాత పట్టుకోండి.

రెండో తప్పు, పొరల మీద పొరలు. 10 సెకన్ల లూప్‌కి ఐదు పొరలు వేస్తే 50 సెకన్లు గడిచిపోతాయి. అంతసేపూ జనం చూస్తున్నది పాట కాదు, మీ తయారీ. పెళ్లిభోజనం వైపు తలలు తిరుగుతాయి. మూడు పొరలు దాటనివ్వకండి: ఒక తాళం, ఒక కార్డ్స్ నడక, ఒక చిన్న పైస్వరం. మొదటి పొర వేస్తూనే నోటితో పల్లవి అందుకుంటే తయారీయే పాటైపోతుంది. ఇది సాధనతో రెండు వారాల్లో వస్తుంది, భయపడకండి.

మూడోది మోత. మొదటి పొర గట్టిగా వాయిస్తే, పైన వేసే ప్రతి పొరా దానికంటే గట్టిగా వాయించాలనిపిస్తుంది. చివరికి మీ గొంతుకు చోటుండదు. తాళం పొరను మెల్లగా వాయించడం అలవాటు చేసుకోండి.

9. మైకుసెట్టు అన్నతో మాట్లాడండి

వేదికకు గంట ముందే వెళ్లండి. మైకుసెట్టు ఆయన మీ శత్రువు కాదు, ఆ రోజుకు మీ బ్యాండులో రెండో మనిషి ఆయనే. "అన్నా, నాకు రెండు చానళ్లు కావాలి. ఒకటి గొంతుకు, ఒకటి పెడల్‌కి. విడివిడిగా పెట్టన్నా" అని అడగండి. రెండూ ఒకే చానల్లో కలిపితే, లూప్ తగ్గించమన్నప్పుడల్లా మీ గొంతూ తగ్గిపోతుంది.

స్పీకర్లు మీ మైకు కంటే ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. గొంతును కూడా లూప్ చేస్తున్నారా? అయితే ఇది ప్రాణంతో సమానం. స్పీకరు మోత మీ మైకులో పడితే, మీరు పొర వేసిన ప్రతిసారీ పాత లూప్ కూడా అందులో కలిసి రికార్డవుతుంది. మూడో పొరకు అంతా బురదలా అయిపోతుంది. మీ పక్కన మానిటర్ పెడితే దాని మోత తక్కువలో ఉంచమనండి. వీలైతే గొంతు పొరలకు మైకును నోటికి ఆనించి పాడండి.

పెడల్‌ని నేల మీద ఒట్టిగా పెట్టకండి. వేదిక మీది తివాచీ మీద చిన్న పెడల్ తొక్కినకొద్దీ జారిపోతుంది. ఒక చెక్క పలక మీద వెల్‌క్రోతో అతికించి, పలక కింద రబ్బరు ముక్కలు కొట్టించండి. మన ఊరి వడ్రంగి అరగంటలో చేసిస్తాడు.

ఆ రోజు పాటల జాబితాలో మొదటి పాట పెడల్ లేనిది పెట్టండి. ఆ పాట నడుస్తుండగా మైకుసెట్టు అన్న గొంతు మోత సరిచేసుకుంటాడు, మీ చేతులు కుదుటపడతాయి, జనం మీ ముఖం చూస్తారు. రెండో పాటకు కాలు మీట మీదకు తీసుకురండి.